దారి దిక్కు వంగిన చెట్లు

మరియమ్మ క్లాసులో మొదటి అరగంట ఎవరి చేతికీ కత్తి రాదు. మాటలకే సరిపోతుంది. వరంగల్‌లో చర్చి వెనక హాల్లో ప్రతి శనివారం జరిగే ఆ క్లాసుకు హన్మకొండ నుంచి మేడమీద డ్రమ్ముల్లో చెట్లు పెంచే ఆడవాళ్లు వస్తారు. రిటైరైన లెక్కల మాస్టార్లు వస్తారు. పత్తితో, మిర్చితో విసిగిపోయి, ఉన్న నాలుగెకరాల్లో మామిడి పెట్టుకుందామనుకునే నెక్కొండ వైపు రైతులూ వస్తారు. అందరికీ తొందరే. ఫోన్లో రెండు నిమిషాల్లో చూపించే పనికి ఈమె ఇంతసేపు నాన్చుతుందేమిటని వాచీలు చూసుకుంటారు. అరవై ఒక్కేళ్ల మరియమ్మ అవేవీ పట్టించుకోదు. బొటనవేలి నిండా పాత కత్తిగాట్లున్న చేత్తో ఒక మామిడి టెంకను పైకెత్తి చూపిస్తుంది.

"టెంక పెడితే బిడ్డ పుడతది. బిడ్డ తల్లి లెక్కనే ఉండాలని లేదు, దాని గుణం దానిది. అంటు కడితే పుట్టేది బిడ్డ కాదు. అదే చెట్టు. ఇక్కడున్న చెట్టే పోయి ఇంకోకాడ నిలబడుతది. వంద అంట్లు కట్టిండ్రనుకో, వంద చెట్లు కావు అవి. ఒక్క చెట్టే వంద జాగలల్ల నిలబడ్డది. గందుకే తల్లి చెట్టు పండు మీ నోట్ల పెట్టుకోకుండ దాని పుల్ల తెంపొద్దు."

ఈ మాట దగ్గర ఆమె గొంతు కొంచెం తగ్గుతుంది. వినేవాళ్లు గమనించరు. ముప్పై అయిదేళ్లు ఒక నర్సరీలో అంట్లు కట్టి, ఆ తర్వాత పదేళ్లుగా ఊరూరా తిరిగి నేర్పిస్తున్న మరియమ్మ ఈ నియమాన్ని ఒక్కసారి, ఒక్క చెట్టు విషయంలో తప్పింది. ఆ చెట్టు పుల్లలే జిల్లాలో ఎక్కువ ఇళ్లకు చేరాయి.

జనం దాన్ని మరియమ్మ మామిడి అంటారు. జూన్‌లో మిరుగు వానలు పడ్డాక, మిగతా కాయలన్నీ అయిపోయాక పండుతుంది. చిన్న పండు, పల్చని తొక్క, పీచు పేరుకైనా లేదు. వానల్లో పండే మామిడికి పురుగు పట్టకపోవడమనేది ఉండదు, దీనికి మాత్రం ఒక్క కాయకూ పట్టదు. తల్లి చెట్టు ఎక్కడుందని ఎవరైనా అడిగితే, "మా పెరట్ల" అంటుంది మరియమ్మ. ఆమె ఇంటికి వెళ్లినవాళ్లకు తెలుసు, ఆ ఇంటికి పెరడే లేదు. అయినా గురువుని నిలదీసేంత మొహమాటం లేనివాళ్లు మన దగ్గర ఎంతమంది?

ఆ చెట్టు సమాధుల తోటలో ఉంది. ఆరేళ్ల షారోన్ తల దగ్గర ఉంది.

షారోన్ మరియమ్మకు ఒక్కగానొక్క కూతురు. జ్వరంతో పోయి ముప్పై ఒక్కేళ్లయింది. చివరి వారంలో తిన్న మామిడిపండు టెంకను కడిగి, కిటికీలో ఎండబెట్టి, నేను కూడా అంటు కడతానని దాచుకుంది. పూడ్చిన మర్నాడు మరియమ్మ ఆ టెంకను తీసుకెళ్లి సమాధి తలవైపు మట్టిలో పెట్టింది. ఏ రకం టెంకో కూడా ఆమెకు తెలియదు. అది మొలిచింది, పెరిగింది, కాసింది. సమాధుల తోటలో కాసిన పండు ఎవరూ తినరు. వాచ్‌మన్ ఊడ్చి అవతల పారేస్తాడు. మరియమ్మ ప్రతి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక వచ్చి ఆ చెట్టు కింద కూచుంటుంది కానీ, ఒక్క పండైనా నోట్లో పెట్టుకోలేదు. పెట్టుకోలేకపోయింది.

ఎనిమిదేళ్ల కింద ప్రహరీ గోడ కోసం ఆ చెట్టు కొట్టేస్తారన్నారు. ఆ రోజు మరియమ్మకు బుద్ధి పనిచేయలేదు. కత్తెర తీసుకొని వెళ్లి దొరికిన పుల్లలన్నీ కోసి, తడిబట్టలో చుట్టి ఇంటికి తెచ్చి, రెండు రోజులు అన్నం కూడా వండుకోకుండా అంట్లు కట్టింది. తీరా గోడ పక్కకు జరిగింది, చెట్టు మిగిలింది. కట్టిన అంట్లు మాత్రం చేతిలో ఉన్నాయి. పారేయడానికి మనసు రాలేదు. అడిగినవాళ్లకు ఇచ్చింది. వాళ్లు ఇంకొకరికి కట్టి ఇచ్చారు.

చెట్టు తీరు తేడాగా ఉందని మొదట ఫోన్ చేసింది హన్మకొండలో ఉండే దీప్తి. బ్యాంకులో పనిచేసే అమ్మాయి. మేడమీద పెద్ద నీలం డ్రమ్ములో మరియమ్మ మామిడి పెట్టుకుంది.

"ఆంటీ, చెట్టు మెట్ల దిక్కు వంగింది. సరే, వెలుగు కోసం అనుకొని డ్రమ్ము తిప్పి పెట్టిన. నెల తిరగకుండనే కొత్త చిగురంతా మళ్ల మెట్ల దిక్కే పోయింది. ఇది మూడోసారి ఆంటీ."

"మెట్ల దిక్కు ఎండ ఎక్కువ కొడతాందేమో బిడ్డా."

"మెట్ల మీద రేకులున్నయ్ ఆంటీ. అటు నీడనే."

మరియమ్మ వెళ్లి చూసింది. చుట్టూ ఎండ కాస్తుంటే చెట్టు నీడలోకి మెడ చాచి ఉంది. చెట్టు వెలుగుకు పోతుందని వేలమందికి చెప్పిన మనిషి, ఆ డ్రమ్ము చుట్టూ రెండుసార్లు తిరిగింది. నీళ్లు తక్కువ పొయ్యమని చెప్పి వచ్చేసింది. దానికీ నీళ్లకూ సంబంధం లేదని ఆమెకు తెలుసు.

తర్వాత నెక్కొండ నుంచి సారంగపాణి ఫోన్ చేశాడు. ఏడేళ్ల కింద రెండొందల పది మరియమ్మ మామిడి అంట్లు తీసుకెళ్లి నాటిన రైతు. మాట తక్కువ మనిషి. "అక్కా, ఒకసారి వచ్చి చూసి పో," అన్నాడు, అంతే.

ఇదివరకు నెక్కొండ వెళ్లాలంటే మరియమ్మ బస్సులోనే వెళ్లేది. బస్సు కుదుపులు మోకాళ్లకు పడక నిరుటి నుంచి రైలుకు మారింది. స్టేషన్లో దిగి, తోటకు దక్షిణం వైపు నుంచి పొలాల గట్ల మీదుగా నడుచుకుంటూ వెళ్లింది. సరిగ్గా మిట్టమధ్యాహ్నం. మబ్బు పట్టి ఉంది కానీ గాలి లేదు. తోటలో ఒక్క పిట్ట అరవడం లేదు. జూన్ నెలలో, చెట్ల నిండా పండ్లు ఉండగా, మామిడితోటలో పిట్టలు అరవకపోవడం మరియమ్మ ఎన్నడూ చూడలేదు.

సారంగపాణి, అతని భార్య భవాని గట్టు మీద నిలబడి ఉన్నారు. భవాని తోటలోకి రాలేదు.

"చూడక్కా," అన్నాడు సారంగపాణి. "మా కాడ పడమటి గాలి. చెట్టు వంగితే తూర్పుకు వంగాలె. ఇవన్ని పడమటికి వంగినయ్. గాలికి ఎదురు. రెండొందల పదికి రెండొందల పది."

నిజమే. వరసలు వరసలుగా, ఒకే కొలతతో, మొదళ్లన్నీ పడమటికి ఒరిగి ఉన్నాయి. పడమట రోడ్డుంది. వరంగల్ బస్సు ఆగేది అక్కడే.

"పక్క చేన్ల బంగినపల్లి చక్కగనే ఉన్నది," అన్నాడతను. "పంట అయినంక వీటి తలలు కొట్టేసి బంగినపల్లి అంటు కట్టుకుంట. మా ఇంటిదానికి తోటంటేనే భయమైతాంది."

మరియమ్మ భవాని వైపు చూసింది. "ఏమైంది భవానీ?"

భవాని కొంగు సరిచేసుకుంది. "ఏం కాలే వదినె. పొద్దుగాల బాగనే ఉంటది. పగటీలి, పొద్దు నడినెత్తికొచ్చినంక నేనొక్కదాన్నే లోపల్కి పోతే ఎవరో చూస్తున్నట్టనిపిస్తది. అంటే నన్ను కాదు. నన్ను చూస్తే భయపడకపోదును. నా వెనకాల ఇంకెవరన్న వస్తాండ్రేమో అని చూస్తయ్. నేను కాదని తెలిసినంక ఇగ నన్ను పట్టించుకోవు."

మరియమ్మ తోట వైపు తిరిగింది. సరిగ్గా ఈ మాటే ఆమె ముప్పై ఒక్కేళ్ల కింద విన్నది.

ఆ జూన్ నెలలో షారోన్‌కు ఒళ్లు వెచ్చగా ఉంది. నాలుగు గంటల బస్సుకు వచ్చేస్తానని చెప్పి మరియమ్మ నర్సరీకి వెళ్లింది. మధ్యాహ్నం పుల్లల కట్టలు వచ్చాయి. కోసిన పుల్ల ఆగదు, ఆ రోజే కట్టకపోతే ఎండిపోతుంది. అందరూ ఉండిపోయారు, మరియమ్మా ఉండిపోయింది. ఏడు గంటల బస్సుకు దిగింది. పిల్ల నాలుగు గంటల నుంచి తుంపర్లో గేటు పట్టుకొని, ఒళ్లంతా రోడ్డు వైపు వంచి నిలబడే ఉంది. లోపలికి రమ్మంటే రాలేదని పక్కింటావిడ చెప్పింది. "మమ్మల్ని చూడలే. మా వెనకాల నువ్వు వస్తున్నవేమో అని చూసింది." మూడో రోజు దవాఖానలో షారోన్ పోయింది. జ్వరం గేటు దగ్గర రాలేదని డాక్టరు చెప్పాడు, ఫాదర్ చెప్పాడు, భర్త విన్సెంట్ తాను పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. మరియమ్మ ఎవరి మాటా నమ్మలేదు. ఆ రోజు నూట నలభై పుల్లలు కట్టింది. ఒక్కటీ ఎండిపోలేదు.

ఆమె తోటలోకి నాలుగడుగులు వేసింది. అప్పుడు చూసింది చిగుళ్లను. మొదళ్లు పడమటికి వంగి ఉన్నాయి, నిజమే. కానీ ఈ ఏడు వచ్చిన కొత్త చిగుళ్లు, రాగి రంగు తగ్గని లేత కొమ్మలు, ఒక్కటీ రోడ్డు వైపు లేవు. అన్నీ దక్షిణానికి తిరిగి ఉన్నాయి, స్టేషన్ వైపు. నిరుటి నుంచి ఆమె వస్తున్న దారి అది.

మరియమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. సారంగపాణి పరుగున వచ్చి పట్టుకున్నాడు. నీళ్లు తాగించాక ఒక్కటే అడిగాడు.

"అక్కా, తల్లి చెట్టు కూడ గిట్లనే వంగి ఉంటదా? రకం గుణమే గిదైతే చెప్పు, కొట్టను. ఒక్కసారి చూపియ్."

చూపించకపోతే తలలు కొట్టేస్తాడు. చూపిస్తే అసలు వేళ్లతోనే పీకేయొచ్చు. సమాధి మీది చెట్టు పండును దేవుడి ముందు పెట్టి, పొలంలో కూలీలందరికీ పంచిన మనిషి అతను. మరియమ్మ ఆలోచించింది చెట్ల గురించి కాదు. కత్తి పడేది దేని మీదో ఆమె ఒక్కదానికే తెలుసు. అయినా ఇంకో అబద్ధం చెప్పే ఓపిక ఆమెకు లేకపోయింది.

"రేపు పొద్దుగాల వరంగల్ రా," అంది.

మర్నాడు సమాధుల తోట గేటు ముందు సారంగపాణి ఆగిపోయాడు. ఏదో పొరపాటు జరిగిందన్నట్టు ఆమె ముఖంలోకి చూశాడు. మరియమ్మ ఆగకుండా లోపలికి నడిచింది. నవంబరులో సమాధుల పండక్కి వేసిన సున్నం అప్పటికే వానకు కారిపోయి ఉంది. చివరి వరసలో, గోడ పక్కన, ఆ చెట్టు. దాని మొదట్లో చిన్న రాయి, రాయి మీద పేరు, రెండు తేదీలు.

చెట్టు గుంజలా నిటారుగా ఉంది. ఎటూ ఒరగలేదు.

సారంగపాణి రాయిని చదివాడు. తేదీల మీది తడి సున్నం వేలితో తుడిచాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "నీ బిడ్డనా?"

"అవును."

"పండు తిన్నవా నువ్వు? తినకుండ పుల్ల తెంపొద్దని నాకు చెప్పింది నువ్వే."

"తినలే తమ్ముడూ. తప్పు చేసిన."

"మా అమ్మ చివరి దినాలల్ల ఈ పండు రసమే తాగింది," అన్నాడు సారంగపాణి. అతని గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. "మాకు చెప్పి ఇయ్యాల్సింది అక్కా. తినాల్నో వద్దో మేం చూసుకుందుం." చెట్టును కిందినుంచి మీదికి చూశాడు. "మరి ఇదెందుకు వంగలే?"

"ఇక్కడికి వారం వారం వస్త," అంది మరియమ్మ. "ఎదురుచూసే పని లేదు దీనికి."

అతనికి మొత్తం చెప్పింది, గేటు సంగతి, నాలుగు గంటల బస్సు సంగతి, పక్కింటావిడ మాట. భవాని మాట దగ్గరికి వచ్చేసరికి సారంగపాణి పక్కకు తిరిగాడు. రాయికి రెండడుగులు దూరం జరిగాడు. ఇక ఉంచను, వేళ్లతో సహా తీసేస్తానన్నాడు. తన ఇంటి ఆడమనిషి భయపడే చెట్టు తనకెందుకన్నాడు. మరియమ్మ వాదించలేదు.

"తీసెయ్. నీ చేను. నన్ను ఒక్కసారి లోపలికి పోనియ్, అంతే. నేను బయటికొచ్చినంక గొడ్డలి పట్టు."

ఆ మధ్యాహ్నం రైలుకే ఇద్దరూ నెక్కొండ వెళ్లారు. మళ్లీ అదే మబ్బు, అదే గాలి లేని వేళ. సారంగపాణి గట్టు మీద భవాని పక్కన నిలబడ్డాడు. మరియమ్మ చెప్పులు విడిచి తోటలోకి వెళ్లింది.

మొదటి చెట్టు దగ్గర ఆగింది. చెయ్యి వేసింది. బెరడు వెచ్చగా ఉంది. చెట్టు మొదలు అంత వెచ్చగా ఉండదు, ఎండ లేని రోజు అసలే ఉండదు. అది ఏ వెచ్చదనమో ఆమె అరచేతికి జ్ఞాపకమే. "వచ్చిన బిడ్డా," అంది. "ఆలస్యమైంది. వచ్చిన." రెండో చెట్టుకూ అదే మాట చెప్పింది. మూడోదానికీ. మోకాళ్లు నొప్పెడుతున్నా ఒక్క చెట్టునూ వదల్లేదు. ఒకే చెట్టు రెండొందల పది జాగాల్లో నిలబడిందని పాఠం చెప్పిన మనిషికి, ఒక్కచోట చెప్తే చాలదని తెలుసు.

సగం తోట దాటాక ఒక పండు కోసింది. తొక్క తీయకుండానే కొరికింది. మట్టి రుచి వస్తుందని ముప్పై ఏళ్లుగా భయపడింది. రాలేదు. పండు తియ్యగా ఉంది. అందరూ చెప్పినంత తియ్యగా ఉంది. తనది కానిదేదో తిన్నట్టు ఏడుపొచ్చింది, అయినా టెంక దాకా తింది.

అప్పుడు వెనక ఆకులు కదిలాయి. గాలికి కాదు, గాలి లేదు. కింది కొమ్మల ఆకులు మాత్రమే, మనిషి నడుము ఎత్తున, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు. ఆమె నడిస్తే కదిలాయి, ఆమె ఆగితే ఆగాయి. మరియమ్మ నడక నెమ్మది చేసింది. తిరిగి చూడాలనిపించింది, చూడలేదు. చూస్తే అక్కడ ఏమీ ఉండకపోవచ్చు, ఆమెకు ఆ భయమే ఎక్కువ. చివరి వరస దాకా వెళ్లి, తోట చివరనున్న మోటరు గది తలుపు తీసింది. తలుపు పట్టుకొని పక్కకు జరిగి, చిన్నపిల్ల లోపలికి దూరడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడింది.

"ఇగ లోపలికి నడువు బిడ్డా. తడుస్తవు," అంది.

తలుపు దగ్గరికి వేసింది. కాసేపటికి దూరంగా ఒక పిట్ట అరిచింది. ఆ తర్వాత ఇంకోటి.

గట్టు మీది నుంచి తను చూసింది భవాని ఆ రోజు చెప్పలేదు. నెల తర్వాత చెప్పింది. "నువ్వు నడిచిన వరస నడిచినట్టే అల్లాడి, తర్వాత ఉత్త చెట్ల లెక్క అయిపోయింది వదినె," అంది. సారంగపాణి ఆ సాయంత్రం గొడ్డలి తీయలేదు. వానలు తగ్గనీ, చూద్దామన్నాడు. ఇరవై రోజులకు కొత్త చిగురు వచ్చింది. రోడ్డుకూ కాదు, స్టేషన్‌కూ కాదు, అన్ని చెట్లకూ నిటారుగా పైకి వచ్చింది. ఆ తర్వాత అతను కొట్టే మాట ఎత్తలేదు. భవాని ఇప్పుడు పగటిపూటే తోటలో కాయ ఏరుకుంటోంది.

మరియమ్మ ఆ మరుసటి శనివారమే క్లాసులో నిజం చెప్పేసింది. పుల్ల ఎక్కడిదో, ఎవరి తల దగ్గరిదో, తను తినకుండా ఎలా పంచిందో అన్నీ చెప్పింది. కొందరు లేచి వెళ్లిపోయారు. పదకొండు ఇళ్లవాళ్లు చెట్లు పీకేశారు. ఒక లెక్కల మాస్టారు ఆమెను తిట్టి మరీ పీకేశాడు, తిట్టాల్సిందే. దీప్తి మాత్రం ఉంచుకుంది. జులై చివర్లో ఫోన్ చేసి, "ఆంటీ, చక్కగ పోతాంది చెట్టు. మెట్ల దిక్కు చూడట్లే ఇప్పుడు," అంది. సంతోషంగానే చెప్పింది. మరియమ్మ మంచిదని ఫోన్ పెట్టేసి, చాలాసేపు గోడకు ఆనుకొని కూచుంది.

ఆగస్టులో నెక్కొండలో రైతులకు క్లాసు ఉంది. క్లాసు అయ్యాక స్టేషన్‌కు వెళ్తూ అలవాటు కొద్దీ గబగబా నడిచింది. ముప్పై ఒక్కేళ్లుగా ఆమె నడక అదే, ఎక్కడి నుంచి ఎక్కడికైనా. దారిలో సారంగపాణి తోట వచ్చింది. చెట్లు వరసగా, నిటారుగా, వాటి పనిలో అవి ఉన్నాయి. ఒక్క కొమ్మ కూడా ఆమె వైపు లేదు. ఆమె ఆగి కొంచెంసేపు చూసింది. రైలు కూత వినిపించింది. పరుగెత్తితే అందేది. పరుగెత్తలేదు. ఇక ఏ బండికి వెళ్లినా, ఎంత ఆలస్యమైనా, ఎక్కడా ఎవరూ ఎదురుచూడటం లేదు. మరియమ్మకు తన జీవితంలో ఎన్నడూ వేయనంత భయం ఆ గట్టు మీద, పట్టపగలు వేసింది.